లూయీ 16 కాలపు కుర్చీల గుడ్డ మీద ఉన్నదంతా ఎంబ్రాయిడరీయేనా?

విజయవాడ నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. మీ క్లయింటు హాల్లో పాతకాలపు ఫ్రెంచ్ పద్ధతి కుర్చీలు రెండు వేయాలనుకుంటున్నారు. పారిస్ దగ్గరి వెర్సాయ్ రాజభవనం ఫొటోలు పెట్టి మూడు సంగతులు అడిగారు: కుర్చీల మీద, మంచం మీద, గోడల మీద కనిపించే పూలపనంతా ఎంబ్రాయిడరీయేనా, దాన్ని ఎవరు కుట్టేవారు, మన మగ్గం వర్క్ వాళ్ల చేత అలాంటిది చేయించవచ్చా అని. నేను మొదట హైదరాబాదులో మగ్గం దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లుగా ఫ్రాన్స్‌లో పాత కుర్చీల గుడ్డలు బాగుచేసే పనిలో ఉన్నాను. మీరు అడిగింది రెండు వైపులా నా చేతికి తెలిసిన పని. అందుకే పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ ఫొటోల్లో ఉన్నది చాలావరకు ఎంబ్రాయిడరీ కాదు, నేత. ఇక చేయించవచ్చా అంటే, నిక్షేపంగా చేయించవచ్చు. మన కారీగర్లకు అది కొత్త విద్య కాదు. కాకపోతే గుడ్డ మీద ముందు పని చేయించేసి, తర్వాత తీసుకెళ్లి కుర్చీకి తొడిగిద్దాం అనుకుంటే మాత్రం డబ్బూ శ్రమా రెండూ వృథా. థానుగా నేసిన గుడ్డ ఏ కుర్చీకైనా పనికొస్తుంది. ఎంబ్రాయిడరీ గుడ్డ ఆ రోజుల్లో ఒక్క కుర్చీ కొలతకే పుట్టేది. ఈ ముక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

నేతా కుట్టూ ఎలా తేల్చాలో మన వస్తువులతోనే చెబుతాను. ఫ్రెంచ్ కుర్చీల మీద ప్రధానంగా మూడు రకాల పని కనిపిస్తుంది. ఒకటి టాపెస్ట్రీ. గోబెలాన్, బోవే, ఒబ్యూసోన్ అనే పేర్లు మీరు వినే ఉంటారు. ఇది మన వరంగల్ జంపఖానా జాతిది. బొమ్మ గుడ్డ మీద వేసింది కాదు, గుడ్డే బొమ్మ. పేక పోగు ఆ రంగు ఉన్నంత మేర వెళ్లి వెనక్కి తిరుగుతుంది. తిప్పి చూస్తే వెనకాల కూడా అదే బొమ్మ, కాస్త దారపు కొసలు వేలాడుతూ. రెండోది లియోన్ నగరపు బ్రొకేడు పట్టు. దీనికి దగ్గర చుట్టం మన ఉప్పాడ జాందానీ. పడుగు మీద నేల గుడ్డ నేస్తూనే, బుటా ఉన్నచోట చిన్న చిన్న కండెలతో రంగు పోగు చొప్పించుకుంటూ పోతారు. వెనక్కి తిప్పితే రంగు పోగులన్నీ ఒకే దిక్కున, పేక వెంబడే పరుగెడుతుంటాయి. మూడోదే అసలు ఎంబ్రాయిడరీ. గుడ్డ ముందే నేసి ఉంటుంది, సూది తర్వాత వస్తుంది. వెనక చూస్తే దారాలు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఎటుబడితే అటు దూకుతాయి, ముడులు తగులుతాయి. సూదికి పడుగూ పేకా హద్దు కాదు కదా.

మీరు పంపిన మొదటి ఫొటో వెర్సాయ్‌లో లూయీ 16 భార్య, రాణి మారీ ఆంత్వానెత్ పడకగది. గోడల మీది పూలు, రిబ్బన్లు, నెమలి ఈకలు ప్రధానంగా లియోన్ నేత. 1786 నాటి వేసవి తెరల నమూనా ప్రకారం లియోన్‌లోనే మళ్లీ నేయించి వేలాడదీశారు. చూడగానే ఎంబ్రాయిడరీ అనిపించడంలో మీ తప్పేమీ లేదు. నేతలో కుట్టుపని నునుపు తెప్పించాలన్నదే లియోన్ నేతగాళ్ల పట్టుదల. ఫిలిప్ ద లాసాల్ (1723–1804) లాంటివాళ్లు పక్షి రెక్క మీద ఒక్కో ఈకనూ నేత మగ్గం మీదే నిలబెట్టారు.

ఇక కాలం సంగతి. ఫ్రాన్స్ రాజు లూయీ 16 గద్దెనెక్కింది 1774లో. కానీ ఆయన పేరుతో పిలిచే శైలి అంతకు పదేళ్ల ముందే మొదలైంది. ఇటలీలో 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపేయి తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడి నుంచి వచ్చిన చిత్రాలు చూసి 1760ల నాటికి పారిస్‌లో అందరికీ గ్రీకు పిచ్చి పట్టుకుంది. అంతకుముందు లూయీ 15 కుర్చీ కాళ్లు మేక కాళ్లలా వంపు తిరిగి ఉండేవి. చెక్క ఎక్కడ ఆగుతుందో, పువ్వు ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. కొత్త కుర్చీకి నిటారు కాళ్లు వచ్చాయి, గుడి స్తంభంలా కింద సన్నగా, నిలువు గాడులతో. కాలు పైచట్రాన్ని కలిసేచోట చిన్న చదరం, అందులో ఒక పువ్వు. వీపు గుండ్రటి పతకంలాగో చదరపు పలకలాగో మారింది.

చెక్కకు ఒక రేఖ రావడంతో గుడ్డకు ఒక నడిబొడ్డు దొరికింది. నా దృష్టిలో ఈ శైలిలో ఎంబ్రాయిడరీ అంత బాగా కుదరడానికి కారణం ఇదే. కోడిగుడ్డు ఆకారపు వీపులో సరిగ్గా మధ్యన పూలబుట్టో, పావురాల జంటో, అంబులపొదీ కాగడా కలిపిన గుత్తో ఉంటుంది. దాని చుట్టూ దండ. దండ పైన రిబ్బను ముడి. ఆ ముడి సరిగ్గా చెక్కమీద చెక్కిన రిబ్బను ముడికి కిందికి వస్తుంది. అంచు వెంబడి సన్నటి ఆకుల వరస, చెక్క వంపునే అనుసరిస్తూ. మోచేతులు ఆనే చిన్న దిండ్లకు కూడా వాటి కొలతకు తగ్గ చిన్న కొమ్మ వేరేగా గీసి కుట్టేవారు. థానులోంచి కత్తిరించిన బ్రొకేడు గుడ్డకు ఈ అమరిక కుదరదు. పువ్వును మధ్యకు తేవాలంటే బోలెడంత గుడ్డ పారేయాలి, అయినా అంచు కలవదు.

ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వెర్సాయ్ తోటల్లో పెతీ ట్రియనాన్ అని రాణి సొంత ఇల్లు ఉంది. అక్కడి పడకగదికి 1787లో జోర్జ్ జాకొబ్ ఒక వరస కుర్చీలు చేసిచ్చాడు. గోధుమ కంకుల సామాను అని దాన్ని పిలుస్తారు. చెక్కను వెదురుబుట్ట అల్లికలా చెక్కారు. దాని మీదుగా మల్లెతీగ, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూలు, దేవదారు కాయలు, గోధుమ కంకులు పాకుతుంటాయి. చెక్కినవాళ్లు త్రికే, రోద్. వాటికి బంగారు పూత వేయలేదు. షాయో అనే రంగుల పనివాడు ఆకుకు ఆకుపచ్చ, పువ్వుకు తెలుపు, కంకికి పసుపు, ఉన్నవి ఉన్నట్టు వేశాడు. గుడ్డ చూడండి: పట్టు కాదు, మఖమలు కాదు, చారల నేతతో ఉన్న తెల్లటి నూలుగుడ్డ. దాని మీద రంగు ఉన్ని దారంతో పూలు. కుట్టించింది లియోన్‌కు చెందిన దెఫార్జ్ సంస్థ. రాణి గదిలో నూలు మీద ఉన్ని! కానీ ఆ చెక్కపూల పక్కన మెరిసే పట్టు పెట్టి ఉంటే కళ్లు చెదిరి చెక్కపని కనపడకుండా పోయేది. ఉన్నికి మెరుపు ఉండదు. వెలుతురును మింగి రంగును మాత్రం ఇస్తుంది. రంగు వేసిన చెక్క కూడా అలాగే ఉంటుంది. కుట్టుపువ్వూ చెక్కపువ్వూ ఒకే తోటలో కోసినట్టు కనిపించడానికి ఆ మెరుపు లేకపోవడమే కారణం.

ఒక కుర్చీకి ఎన్ని చేతులు పడ్డాయో గమనించారా? చట్రం చేసినవాడు, చెక్కినవాడు, రంగు వేసినవాడు, కుట్టినవాడు, చివరికి గుడ్డ బిగించినవాడు, అందరూ వేరువేరు. పారిస్‌లో ఒకరి వృత్తిలో ఇంకొకరు వేలు పెట్టడానికి సంఘాలు ఒప్పుకొనేవి కావు. వీళ్లందరినీ కలిపి ఇంటివాళ్లకు గది మొత్తం అమర్చి ఇచ్చేవాడు తపిసియే అనే ఆసామి. మన కుషన్ వర్క్ మాస్టర్, కర్టెన్ల కాంట్రాక్టరు, డిజైనరు ముగ్గురూ ఒక్కడే అనుకోండి. చెక్క కంటే గుడ్డ ఖరీదే ఎక్కువగా ఉండేది కాబట్టి ఇంట్లో పెత్తనం కూడా అతనిదే.

అలాంటిదే ఇంకొకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1785లో లూయీ 16 తన భార్య కోసం సాన్ క్లూ కోట కొన్నాడు. అక్కడి రాణి సొంత గదికి జాన్ బప్తిస్త్ క్లోద్ సెనే 1788లో చేసిన వెడల్పాటి చేతుల కుర్చీ అది. చెక్కడమంతా ఈజిప్టు స్త్రీమూర్తులు, పూలదండలు, బంగారు పూత. ఇంత ఆడంబరమైన చెక్కకు గుడ్డేమో తెల్లటి నూలు ట్విల్లు (ఏటవాలు గీతల నేత), దాని మీద పట్టుదారంతో చిన్న చిన్న పూలకొమ్మలు. ఇప్పుడు దాని మీద ఉన్నది కొత్తగా కుట్టించిన గుడ్డ. ఆ మ్యూజియంకు వెళ్లే అవకాశం దొరికితే మోకాళ్ల మీద కూర్చుని చూడండి. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఎంత ఖాళీ వదిలారో అక్కడ అర్థమవుతుంది. మన దగ్గర ఖాళీ కనిపిస్తే కారీగరు ఏదో ఒకటి నింపేస్తాడు. మీరు చేయించేటప్పుడు ఆ ఖాళీని కాపాడుకోవడమే పెద్ద పని.

తెల్లటి నూలు, దాని మీద చెదిరిన రంగుల పూలు. ఈ రుచి ఫ్రాన్స్‌కు ఎక్కడిది? ఇక్కడ మన ఊసు రాక తప్పదు. మచిలీపట్నం, ఇతర కోరమాండల్ రేవుల నుంచి వెళ్లిన అద్దకపు గుడ్డలకు ఫ్రాన్స్‌లో ఎంత గిరాకీ పుట్టిందంటే, తమ పట్టు, ఉన్ని పనివాళ్లు మునిగిపోతారని 1686లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఎత్తిన మరుసటి ఏడే, 1760లో, ఒబెర్కాంప్ఫ్ వెర్సాయ్ దగ్గర జూయిలో అద్దకాల కార్ఖానా పెట్టాడు. అంతకుముందు నుంచే గుజరాత్ మోచీల గొలుసు కుట్టు పని కూడా ఈస్టిండియా కంపెనీల ఓడల్లో యూరప్ చేరేది. రాణిగారి తెల్ల గుడ్డ మీది పూలకు ఈ రెండూ మేనమామ వరస అవుతాయని నా నమ్మకం.

ఇప్పుడు కుట్టు ఎలా సాగేదో. దీనికి మనకు దొరికిన గొప్ప సాక్షి షార్ల్ జెర్మాన్ ద సాంతొబాన్. రాజుగారి ఎంబ్రాయిడరీ డిజైనరు. తండ్రి కూడా ఆ వృత్తిలోనే ఉన్నాడు. 1770లో ఆయన ఈ పనినంతా బొమ్మలతో సహా వివరంగా రాస్తే రాయల్ సైన్స్ అకాడమీ అచ్చువేసింది. ఫ్రాన్స్ వచ్చిన కొత్తలో అందులోని చిత్రఫలకాలు చూసి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. కాగితం మీద డిజైను గీస్తారు. గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. గుడ్డను నాలుగు కర్రల చట్రానికి బిర్రుగా లాగి కడతారు. చిల్లుల కాగితం దాని మీద పరిచి, బొగ్గుపొడి మూటతో తట్టుతారు. కాగితం తీస్తే చుక్కల గీత. దాన్ని సిరాతో కలుపుతారు. మనవాళ్లు చేసేది ఏమిటి? ట్రేసింగు పేపరు మీద డిజైను గీసి, సూదితో పొడిచి, ఖాకా తయారుచేసి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డముక్కతో రుద్దుతారు. పొడి మారింది, మూట పోయి ముక్క వచ్చింది. అంతే తేడా.

కుట్లలో ముఖ్యమైనవి కొన్నే. పువ్వు రేకులకు రెండు వైపులా నిండుగా పడే శాటిన్ కుట్టు. అందులోనే పొడుగూ పొట్టీ కలిపి వేస్తూ, ముదురు గులాబీ నుంచి లేత గులాబీకి మెల్లగా దిగితే నీడ వస్తుంది. గులాబీ రేకు ఒక్కటి నింపడానికి ఐదారు ఛాయల దారం పట్టేది. కాడలకు కాడ కుట్టు. జరీ పోగును గుడ్డలోకి దించకుండా పైనే పరిచి, సన్నటి పట్టుదారంతో అక్కడక్కడ పట్టి కుట్టడం ఇంకొక పద్ధతి. జర్దోసీ తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గొంగళిపురుగులా నూగుగా ఉండే షెనీల్ దారాన్నీ అలాగే పరిచి కుట్టేవారు. షెనీల్ అంటే ఫ్రెంచ్‌లో గొంగళిపురుగే.

ఇక టంబూర్ పని. డప్పులాంటి గుండ్రటి చట్రానికి గుడ్డ బిగించి, చిన్న కొక్కెం సూదితో కింది నుంచి దారం లాగుతూ గొలుసు కుట్టు వేయడం. కుడిచెయ్యి పైన సూది నడుపుతుంది, ఎడమచెయ్యి కింద దారం అందిస్తుంది. మన ఆరీ పని అచ్చంగా ఇదే. తూర్పు దేశాల నుంచి 18వ శతాబ్దం మధ్యలో ఇది ఫ్రాన్స్‌లో అడుగుపెట్టి, చూస్తుండగానే గొప్పింటి ఆడవాళ్ల చేతుల్లోకి చేరింది. లండన్ నేషనల్ గ్యాలరీలో ద్రూయే గీసిన మదామ్ ద పొంపదూర్ చిత్రం ఉంది, 1763–64 నాటిది. ఆమె టంబూర్ చట్రం ముందు కూర్చుని ఉంటుంది, పక్కన దారపు ఉండలున్న బల్ల. ఫ్రాన్స్ రాజు ప్రియురాలు తన చిట్టచివరి చిత్రంలో కొక్కెం సూదితో కనపడాలని కోరుకుంది! ఆ చిత్రం పూర్తయిన ఏడే, 1764లో, ఆమె కన్నుమూసింది.

అంటే ఎవరు కుట్టేవారన్న మీ ప్రశ్నకు జవాబు రెండు రకాలు. పట్టు మీద, జరీతో, రాజుల ఆర్డర్లకు కుట్టేవాళ్లు వృత్తి పనివాళ్లు. ఇంట్లో కుర్చీలకు, ముఖ్యంగా చిల్లుల కాన్వాసు మీద ఉన్నితో గళ్లు నింపే పనికి, ఇంటి ఆడవాళ్లు కూడా కూర్చునేవారు. ఈ అలవాటు ఫ్రెంచ్ విప్లవం తర్వాత కూడా ఆగలేదు. నెపోలియన్ భార్య జోసెఫిన్ మల్మెజోన్ అనే తన ఇంట్లో ఉన్నప్పుడు ఒక గది కుర్చీలకు తానే కుట్టిందని ఆమె పరివారంలోని ఒకావిడ జ్ఞాపకాల్లో రాసింది. తెల్లటి పట్టు నేల మీద రెండు పొడి అక్షరాలు పెనవేసుకుని, చిన్న గులాబీలతో. ఆ చిన్న వివరం చదివినప్పుడల్లా, పెళ్లికూతురి జాకెట్టు మీద పేరు కుట్టించుకోవడానికి అప్పట్లో హైదరాబాదులో మా షాపుకు వచ్చిన అమ్మాయిలు గుర్తొస్తారు నాకు.

ఫొటోల్లో కనపడని ఇంకో సంగతి. ధనికుల ఇళ్లలో గుడ్డలు రుతువుకు మారేవి. చలికాలానికి మఖమలు, టాపెస్ట్రీ. ఎండలు రాగానే పల్చటి పట్టు, నూలు, తేలికైన ఎంబ్రాయిడరీ. అందుకోసం కొన్ని కుర్చీల్లో సీటు, వీపు వేరే చట్రాలకు బిగించి, మరలు విప్పితే ఊడివచ్చేలా చేసేవారు. ఒకే కుర్చీకి రెండు జతలు. రోజువారీ వాడకంలో వీటన్నిటి మీదా గళ్ల నూలుగుడ్డ ముసుగులు తొడిగేవారు. అంటే ఆ పువ్వులు అతిథులు వచ్చిన రోజే బయటపడేవి. ఈనాటికీ రంగు నిలిచిన ముక్కలు కొన్నైనా దొరుకుతున్నాయంటే ఆ ముసుగుల చలవే.

దొరకనివే ఎక్కువ అనుకోండి. విప్లవం వచ్చాక వెర్సాయ్ సామాను 1793 ఆగస్టు 25న వేలం మొదలై దాదాపు ఏడాది సాగింది. 17 వేలకు పైగా లాట్లు. కుర్చీలు ఎటుపోయినా మళ్లీ దొరికాయి, గుడ్డలు దొరకలేదు. జరీ ఉన్నవాటి సంగతి మరీ ఘోరం. 1797లో గోబెలాన్ టాపెస్ట్రీలను బంగారం వెండి కోసం కాల్చేశారు. అసలు విప్లవానికి ముందే గొప్పింటి ఆడవాళ్లకు ఒక వ్యాపకం ఉండేది: పాత జరీ అంచులు, కుచ్చులు తెచ్చుకుని, కబుర్లు చెప్పుకుంటూ బంగారు పోగు ఊడదీసి కంసాలికి అమ్ముకోవడం. మన వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామని కేకేసే వాళ్లకు జరీ చీర ఇచ్చేసిన ఇళ్లెన్నో. అదే కథ. ఉన్నితో, నూలుతో కుట్టినవి బతకడానికి ఒక కారణం, వాటిని కాలిస్తే ఏమీ రాదు.

ఆ ఖాళీని 19వ శతాబ్దం నకళ్లతో నింపింది. నెపోలియన్ 3 భార్య యూజెనీకి మారీ ఆంత్వానెత్ అంటే పిచ్చి అభిమానం. 1867లో పెతీ ట్రియనాన్‌లో ఆ రాణి వస్తువులతో ప్రదర్శన కూడా పెట్టించింది. ఆ రోజుల్లో లూయీ 16 కుర్చీలు వేలకొద్దీ తయారయ్యాయి. ఇవాళ మార్కెట్లో మీకు దొరికేవాటిలో ఎక్కువ అవే. మా దగ్గరకు ఒకసారి ఒక కుర్చీ వచ్చింది. అమ్మిన వ్యాపారి 1780ల నాటిదని రాసిచ్చాడు, కొన్న పెద్దావిడ అలాగే నమ్మింది. గుడ్డ చాలా అందంగా ఉంది, క్రీమ్ రంగు మీద దండలు. నేను వీపు వైపు అస్తరు కాస్త విప్పి చూశాను. ముందు గొలుసు కుట్టు, వెనక తిన్నటి గీత. చేత్తో కొక్కెంతో వేసినా అలాగే ఉంటుంది కాబట్టి అంతవరకు ఏమీ తేలదు. కానీ కుట్టు పొడుగు గజం పొడుగునా వెంట్రుకవాసి తేడా లేదు. మలుపు దగ్గర కూడా దగ్గరపడలేదు. మనిషి చెయ్యి మలుపులో కుట్టు చిన్నది చేస్తుంది, చేయకుండా ఉండలేదు. అది యంత్రం. గొలుసు కుట్టు ఎంబ్రాయిడరీ యంత్రం పారిస్‌లో వచ్చిందే 1860లలో. తర్వాత సీటు కింద చెయ్యి పెడితే స్ప్రింగులు తగిలాయి. ఆ పెద్దావిడకు చెప్పేటప్పుడు నా గొంతు పెగల్లేదు. కుర్చీ మంచిదే, నూటయాభై ఏళ్ల నాటిదే, కానీ ఆవిడ చెల్లించిన ధర వేరు.

స్ప్రింగుల మాట వచ్చింది కాబట్టి, మీ పనికి అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే. 18వ శతాబ్దపు కుర్చీ సీటులో స్ప్రింగు ఉండదు. నార పట్టీలు అల్లి, మీద గోనె పరిచి, గుర్రపు వెంట్రుకలు కూరి, అంచులు దారంతో కుట్టి నిలబెట్టేవారు. దాంతో సీటు బల్లపరుపుగా, అంచు పదునుగా ఉండేది, మడతపెట్టిన పరుపులా. స్ప్రింగులు 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాక సీటు పూరీలా పొంగింది. పొంగిన సీటు మీద పతకం డిజైను పెడితే మధ్యన సాగుతుంది, అంచున ముడుచుకుంటుంది. గుండ్రం కాస్తా కోడిగుడ్డు అవుతుంది. అసలు కుర్చీ దొరికితే చెక్కమీద మేకుల గుంటలు చూడండి. ఒక్కో వరస గుంటలు ఒక్కో తరం గుడ్డ. పాత మేకు తల కింద ఒక్కోసారి రెండు పోగుల పట్టు ఇరుక్కుని ఉంటుంది, వెలుతురు తగలని అసలు రంగుతో. అలాంటిది కనపడితే దయచేసి దులిపేయకండి, సన్నటి కవర్లో దాచండి. చట్రం కింద అచ్చు కూడా వెతకండి. జాకొబ్ తన పేరు G. IACOB అని పెద్ద అక్షరాల్లో కొట్టేవాడు. అయితే అచ్చులకు కూడా దొంగవి ఉన్నాయి కాబట్టి అదొక్కటే నమ్మవద్దు.

మీ రెండు కుర్చీలకు చేయించే పద్ధతి ఇది. ముందు కుర్చీకి కుషన్ పని పూర్తి చేయించండి. ఫోమ్ వాడక తప్పకపోతే గట్టిది, పలకలాంటిది పెట్టించి అంచులు పదునుగా ఉంచమనండి. దాని మీద కోరా గుడ్డ పరిచి, గుండుసూదులు గుచ్చి, చట్రం లోపలి అంచు వెంబడి పెన్సిలుతో గీయండి. సీటు, వీపు, రెండు చేతి దిండ్లు, నాలుగూ వేరువేరుగా. ప్రతిదానికీ నిలువు మధ్యగీత తప్పనిసరి. ఈ కోరా గుడ్డలే మీ డిజైను కాగితాలు. ఖాకా వీటి నుంచే పుట్టాలి. అసలు గుడ్డ ఆ గీత బయట నాలుగు వైపులా కనీసం నాలుగంగుళాలు ఎక్కువ ఉండాలి, మేకుకు పట్టు దొరకాలి కదా.

గుడ్డ మందపాటి తెల్ల నూలు ట్విల్లు గానీ, కాస్త బరువైన పట్టు గానీ తీసుకోండి. నెట్టు, జార్జెట్ వద్దు. వెనక పల్చటి నూలు అస్తరు వేసి రెండిటినీ కలిపి మగ్గానికి ఎక్కించమనండి. మనిషి బరువు అస్తరు మీద పడాలి, పువ్వు మీద కాదు. పూసలు, కుందన్లు, అద్దాలు ఒక్కటి కూడా వేయనివ్వకండి. కూర్చునే గుడ్డ అది. మగ్గం మాస్టరుకు బ్లౌజు అలవాటు కాబట్టి చెయ్యి తనంతట తాను మెరుపుల వైపు వెళ్తుంది. దారం ఉన్నిదో నూలుదో వాడించండి, ఒక పువ్వుకు కనీసం నాలుగు ఛాయలు ఇవ్వండి. గీతలకు ఆరీ గొలుసు కుట్టు, రేకులకు చేతి సూదితో పొడుగూ పొట్టీ కుట్టు. మన చేతుల మీద నాకు అనుమానం ఏమాత్రం లేదు. పారిస్‌లోని లెసాజ్ ఎంబ్రాయిడరీ కుటుంబంలోని జాన్ ఫ్రాన్స్వా లెసాజ్ 1990లలో చెన్నైలో ఇంటి అలంకరణ ఎంబ్రాయిడరీకి వర్క్‌షాపు పెట్టింది మన దేశపు కారీగర్ల చేతిని నమ్మే.

బిగించేటప్పుడు మధ్యగీతను ముందు మధ్యన పైన ఒక మేకు, కింద ఒక మేకు కొట్టి నిలపాలి. తర్వాత రెండు పక్కలా. మూలలు ఆఖర్న. కుషన్ మాస్టరు తొందరపడి ఒక పక్క నుంచి లాక్కుంటూ వస్తే దండ వంకరపోతుంది, విప్పితే గుడ్డ చిరుగుతుంది. పని జరిగేటప్పుడు మీరు పక్కనే ఉండండి. పూర్తయ్యాక కుర్చీలను కిటికీ ఎండ పడేచోట వేయించకండి. మ్యూజియంలలో ఇలాంటి గుడ్డల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు, అంటే సాయంత్రం మసక చీకటి లాంటిది. ఇంట్లో అంత కుదరదు. పల్చటి కర్టెను ఒకటి వేసి, ఎవరూ లేనప్పుడు గళ్ల గుడ్డ ముసుగు తొడిగితే చాలు.

ఖాకా పొడిచే ముందు ఆ నాలుగు కోరా గుడ్డల ఫొటోలు ఇక్కడ పెట్టండి, కుర్చీ మీద ఉండగానే, ఎదురుగా నిలబడి తీసినవి. మధ్యగీత సరిగ్గా పడిందో లేదో, దండ ముడి ఎంత కిందికి దించాలో చూసి చెబుతాను.